చిన్నమ్మణ్ణి గంపలో చెయ్యి

ఒరేయ్ సాయిప్రసాదూ! ఆ కాళ్ళు కుర్చీ మీంచి దించరా. కింద పాములేం లేవు. ఉన్నా నీ పక్కన మీ ఆవిడ ఉందిగా, ఆవిడే చూసుకుంటుంది.

అమ్మా దీప్తీ, కొత్తగా మా ఇంటికి వచ్చినదానివి, నీకింకా తెలియదు. మా మేనల్లుడు నందిగామ కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు గానీ, గోడ మీద బల్లి కనిపిస్తే పాఠం సగంలో ఆపి బయటికొచ్చేస్తాడు. పిల్లలు ఆ బల్లికి పేరు పెట్టుకున్నారట, సెలవు కావాలంటే దాన్ని పిలుస్తారట. అట్లాంటివాడు ఇందాక భోజనాల దగ్గర నీతో ఏమన్నాడు? "మా మావయ్యని తాచు కరిస్తే నేనే కారు తోలి బతికించా" అన్నాడు. మీ పుట్టింట్లో కూడా ఇదే చెప్పాడని విన్నాను. మీ నాన్నగారు వీడికి శాలువా కప్పబోయారట.

కప్పించుకో నాయనా, తప్పు లేదు. కానీ ఇవాళ ఆ కథ నేను చెబుతాను. ఆ రోజు వెర్రివాడైంది ఎవరో చివర్లో తేలుతుంది. నువ్వు మధ్యలో నోరు తెరవకు.

ముందు కోళ్ళ సంగతి చెప్పాలి. మా ఇంట్లో గుడ్డు కూడా తినరు. పేట బజార్లో మాది దాణా కొట్టు. తవుడు, వేరుశనగ చెక్క, పత్తిగింజలు అమ్ముతాం. నేను పదో తరగతి దాకా వెళ్ళాను, పది నన్ను దాటనివ్వలేదు, వచ్చి కొట్లో కూర్చున్నాను. కరోనా ఏడాది వేదాద్రి నుంచి తిరుపతిరావు అనే రైతు తవుడు కోసం వచ్చి, చిన్న గంపలో నాటుకోడి పిల్లల్ని పెట్టి, "ఉమాకాంతంగారూ, పని చూసుకుని వస్తా, కాస్త వీటిని చూస్తుండండి" అని వెళ్ళాడు. వాడు తిరిగొచ్చేసరికి నేను వాటికి పేర్లు పెట్టేశాను. పేరు పెట్టిన పిల్లల్ని వెనక్కి అడగడానికి వాడికి మొహమాటం అడ్డొచ్చింది. అట్లా మొదలైంది మా ఇంట్లో కోళ్ళ కాపురం. కోసుకు తినేవాళ్ళు లేరు కాబట్టి మా కోళ్ళు ముసలితనం చూస్తాయి. పేటలో ఇంకే కోడికీ ఆ యోగం లేదు.

ఫారం కోళ్ళలాగా నాటుకోళ్ళన్నీ ఒక్క అచ్చులో పోసినట్టుండవు. దేని గుణం దానిదే. అందుకే ఒక్కోదానికి మన చుట్టాల్లో సరిపోయిన పేరు వెతికి పెట్టాను. ఎర్రటి డేగ పెట్ట ఉందే, దాని పేరు సత్యనారాయణమ్మ. అవున్రా, మీ అమ్మ పేరే. మా అక్కయ్య ఎదుట నిలబడి గెలిచినవాడు లేడు, ఆ పెట్టా అంతే. చెయ్యి కనిపిస్తే పొడుస్తుంది, కాలు కనిపిస్తే ఎగిరి తంతుంది. వీధి పిల్లి మా గోడ మీద నడిచేటప్పుడు దాని వైపు చూడకుండా తల తిప్పుకుని నడుస్తుంది. కౌజుపిట్ట రంగు పెట్ట నీరజ, మా మరదలు. గుడ్డు పెట్టిన చోట పెట్టదు. స్కూటర్ డిక్కీలో పెడుతుంది, విప్పిన బూటులో పెడుతుంది, పెట్టి ఏమీ ఎరగనట్టు నడిచి వెళ్ళిపోతుంది. ఇక నెమలి రంగు పుంజు. ఏం అందం అనుకున్నావు! ఎత్తైన కాళ్ళు, తళతళలాడే తోక. కానీ ప్లాస్టిక్ కవరు గాలికి కదిలితే పెరడు అదిరేలా అరిచి నీళ్ళ తొట్టి వెనక్కి దూరుతుంది. దానికి ఎవరి పేరు పెట్టానో నేను చెప్పక్కర్లేదు. అదుగో, పేరు చెప్పకముందే మొహం ఎర్రబడింది.

నాలుగోది నల్లపెట్ట. నోట్లో నాలుక లేని రకం. మిగతావి తినగా మిగిలింది తింటుంది, మిగతావి కూర్చోగా మిగిలిన చోట కూర్చుంటుంది. దాని కింద చెయ్యి పెట్టి గుడ్డు తీస్తే, ఇంకోటి కావాలా అన్నట్టు కాస్త పక్కకి జరుగుతుంది. అందుకని దానికి మీ అత్తయ్య అమ్మణ్ణి పేరే పెట్టాను. చిన్నమ్మణ్ణి. పేరు పెట్టిన రోజున అమ్మణ్ణి చేట పక్కన పెట్టి, "బాగుందండీ" అని నవ్వి లోపలికి వెళ్ళింది. తను కోళ్ళ జోలికే రాదు. పెరట్లో మేం బస్తాలు పెట్టుకునే కొట్టు గడప కూడా తొక్కదనే నేను అనుకునేవాణ్ణి.

ఇంకో రెండు సంగతులు చెప్పి పెరట్లోకి తీసుకెళ్తాను.

వేదాద్రి తిరునాళ్ళలో నేను ఒక రబ్బరు పాముని కొన్నాను. నల్లటిది, చేత్తో పట్టుకుంటే జిగురుగా, చల్లగా, అచ్చం దానిలాగే ఉండేది. దాన్ని వీడి హెల్మెట్లో పెడితే, హెల్మెట్ ఇక్కడ, వీడు హైవే మీద. తర్వాత దాన్ని అమ్మణ్ణి పోపులపెట్టె వెనక పెట్టి, కేక కోసం రోజుల తరబడి చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. కేక రాలేదు. వెళ్ళి చూస్తే పాము లేదు. ఎలుక లాక్కుపోయిందో, నేనే ఇంకో చోట పెట్టి మర్చిపోయానో అనుకుని ఊరుకున్నాను.

రెండోది, నా భయం. అందరి భయాలతో ఆడుకునేవాడికి భయం ఉండదనుకోకండి. నాకు సూదంటే భయం. ఆస్పత్రి వాసన తగిలితే చెమట్లు పడతాయి. కిందటేడు కొట్లో తవుడు బస్తా ఎత్తబోతే బజారంతా గిర్రున తిరిగింది. పొద్దున్నే లేస్తే తల బరువు. మా నాన్న అట్లాగే ఒకరోజు కల్లాపెట్టె ముందు కూర్చుని, తల వాల్చి, మళ్ళీ ఎత్తలేదు. ఆ సంగతి అమ్మణ్ణికీ తెలుసు, నాకూ తెలుసు. "ఒక్కసారి బీపీ చూపించుకోండి, మీకు దణ్ణం పెడతా" అనేది. "మన కోళ్ళకి చూపించి, వాటికి లేకపోతే నేనూ చూపించుకుంటాలే" అనేవాణ్ణి. తను నవ్వేది కాదు. ఆ నవ్వకపోవడం నేను పట్టించుకోలేదు.

సరే. కిందటేడు శ్రావణమాసం. ఆదివారం. వీడు భోజనానికని వచ్చి వసారాలో పేపరు చదువుతున్నాడు. ముసురు పట్టి పగలే చీకటిగా ఉంది, దానికి తోడు కరెంటు లేదు. చిన్నమ్మణ్ణి ఆ పెరటి కొట్లో తవుడు బస్తాల మధ్య గుడ్ల మీద కూర్చుని ఉంది. నేనే కూర్చోబెట్టాను. వరిగడ్డి పరిచి, ఉరుములకి గుడ్లు మురిగిపోకుండా గంప అడుగున ఇనపమేకు, బొగ్గుముక్క, ఎండుమిరపకాయ పెట్టాను. రోజూ ఓసారి వెళ్ళి, దాని పొట్ట కింద చెయ్యి పెట్టి, గుడ్ల వెచ్చదనం చూసి రావడం నాకు అలవాటు. జపం చేసుకున్నట్టుంటుంది.

ఆ రోజు తెల్లారినప్పటినుంచీ నెమలి పుంజు ఒకటే అరుపు. కొట్టు వైపు మెడ సాచి అరుస్తోంది. "ఏంట్రా, కవరు కదిలిందా?" అని దాన్ని తరిమి లోపలికి వెళ్ళాను. గంప ఉన్న మూల ఏమీ కనిపించడం లేదు. అలవాటైన చెయ్యే కదా, చూడకుండానే పెట్టాను.

"బుస్స్..."

ఆ శబ్దం, దాంతోపాటే దెబ్బ. చేతి వెనక నిప్పురవ్వ పెట్టినట్టు. చెయ్యి ఎట్లా లాక్కున్నానో తెలియదు, బస్తాల మీద పడ్డాను. గుమ్మం వెలుతురులోకి వచ్చి చూసుకుంటే, చేతి మీద పక్కపక్కనే రెండు గాట్లు. రెండిట్లోంచీ నెత్తురు పూసలాగా పైకి ఉబుకుతోంది.

 అక్కడే చతికిలబడ్డాను.

నా బుర్ర అప్పుడు ఎంత చురుగ్గా పని చేసిందో! పది పాసవ్వడానికి పనికిరాని బుర్ర, చావుని మాత్రం చకచకా లెక్క కట్టేసింది. పొడవడానికి అది సత్యనారాయణమ్మ కాదు. చిన్నమ్మణ్ణి పుట్టి బుద్ధెరిగి ఎవర్నీ పొడవలేదు. పెట్టలు బుస కొట్టవు. తవుడు ఉన్న చోట ఎలుకలుంటాయి, ఎలుకలున్న చోటికి అది వస్తుంది. గుడ్ల కోసం గంపలో దూరి ఉంటుంది. పుంజు పొద్దున్నించీ అరిచింది అందుకే. రోజూ ఉత్తినే అరిచేవాడు ఇవాళ నిజం అరిస్తే నేను నమ్మలేదు.

"అమ్మణ్ణీ!" అని అరిచాననుకున్నాను. గొంతులోంచి గాలి వచ్చింది. రెండోసారికి మాట వచ్చింది.

ముందు వచ్చింది వీడు. గుమ్మం దగ్గర ఆగి, లోపల అడుగు పెట్టకుండా, "ఏంటి మావయ్యా?" అన్నాడు.

"పాము కరిచిందిరా."

"రబ్బరుదా?"

"సాయీ, నీ మీద ఒట్టురా. నిజం పాము."

"పోయినసారి కూడా నా మీదే ఒట్టేశావు" అని వెనక్కి తిరిగాడు.

అప్పుడు పట్టింది నాకు అసలు భయం. కరవడం ఒక ఎత్తు, కరిచిందంటే ఇంట్లో మనిషి నమ్మకపోవడం ఇంకో ఎత్తు. నేను ఇక్కడ కూర్చుని నురగలు కక్కుతుంటే, వీళ్ళు చుట్టూ నిలబడి, "భలే చేస్తున్నాడే" అని చప్పట్లు కొడతారేమో అనిపించింది. చెయ్యి చాపి నెత్తురు చూపించాను. 

అమ్మణ్ణి వంటింట్లోంచి వచ్చింది. తన కుడిచెయ్యి కొంగులో చుట్టుకుని ఉంది. వేళ్ళకి పసుపు. నా చెయ్యి పట్టుకుని వెలుతురులోకి తిప్పి చాలాసేపు చూసింది. ఏడవలేదు, గుండెలు బాదుకోలేదు. ఆ నిబ్బరం చూస్తే నాకు ఇంకా వణుకు పుట్టింది.

"చిన్నమ్మణ్ణి కింద చెయ్యి పెట్టారా?"

"ఆ."

"ఏదైనా కనిపించిందా?"

"బుస వినిపించింది."

తను లేచి వీణ్ణి పక్కకి తీసుకెళ్ళింది. చెవిలో ఏదో చెప్పింది. వీడు ఒక్కసారి నా వైపు చూసి, వెంటనే మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. మగపిల్లాడు మొహం తిప్పుకున్నాడంటే ఎందుకు తిప్పుకుంటాడు? ఇక నేను దక్కనని చెప్పి ఉంటుంది అనుకున్నాను.

"నందిగామ తీసుకెళ్ళరా. క్రిస్టీ డాక్టరమ్మ దగ్గరికి" అంది.

భుజం మీది కండువాతో మోచెయ్యి పైన గట్టిగా బిగించి కట్టుకుని కారెక్కాను. కారు కదిలేటప్పుడు అమ్మణ్ణి గుమ్మంలో నిలబడి ఉంది. కొంగులో చెయ్యి అట్లాగే ఉంది. చివరిచూపు ఇదే కాబోలు అనుకుని, ఏదో ఒకటి చెప్పాలనిపించి, "కోళ్ళకి తవుడు తడిపి పెట్టు" అన్నాను. ఇన్నేళ్ళ కాపురానికి చివరిమాట తవుడు గురించా అని మలుపు తిరిగేదాకా బాధపడ్డాను.

పేట ఆస్పత్రి ముందునుంచే పోయాం. నేను ఆ గేటు వైపు చూస్తూనే ఉన్నాను, గేటు వెనక్కి పోయింది. నందిగామ దాకా ఎందుకు? ఇక్కడ వీలుపడదనే కదా?  కండువా కింద చెయ్యి మొద్దుబారింది. వేళ్ళు నీలంగా కనిపించాయి. విషం మోచెయ్యి దాకా వచ్చేసింది, అక్కడ ఆగింది, కండువా జారితే గుండెకి పోతుంది అనుకుని, రెండో చేత్తో ముడి పట్టుకుని కూర్చున్నాను.

వైపర్లు కొట్టుకుంటున్నాయి. పక్కనుంచి లారీలు నీళ్ళు చిమ్ముకుంటూ మమ్మల్ని దాటి పోతున్నాయి. ప్రతి లారీ దాటుతోంది. వీడు ఎడ్లబండి తోలినట్టు తోలుతున్నాడు.

"సాయీ, కాస్త తొందరగా..."

"వర్షం మావయ్యా" అన్నాడు. గొంతు అదోలా ఉంది. చూస్తే వీడి భుజాలు కుదుపుతున్నాయి. కింది పెదవి పంటితో నొక్కిపట్టాడు. కళ్ళల్లో నీళ్ళు. అయ్యో, నేను ఇన్నాళ్ళూ ఏడిపించిన పిల్లాడు నా కోసం ఏడుపు ఆపుకుంటున్నాడే అనుకున్నాను. "ఏడవకురా నాన్నా" అన్నాను. దాంతో వీడు స్టీరింగు మీదికి ఒరిగిపోయి ఇంకా ఊగిపోయాడు.

చిల్లకల్లు దగ్గర టీకొట్టు ముందు కారు ఆపాడు.

"ఎందుకురా?"

"టీ తాగుదాం మావయ్యా."

చచ్చేవాడికి చివరి కోరిక అడుగుతారు చూడు, అట్లా వినిపించింది నాకు. టీ గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టాడు. గ్లాసు ఒరిగి వేడి టీ పంచె మీద పడింది. కాలలేదు. వేడి తెలియలేదంటే కాళ్ళు కూడా పోయినట్టే అనుకున్నాను. రెప్పలు బరువెక్కుతున్నాయి. తాచు కరిస్తే ముందు రెప్పలు వాలతాయని ఎక్కడో విన్నాను. వేలితో ఒక రెప్ప పైకెత్తి పట్టుకున్నాను. రెండో రెప్పకి చెయ్యి లేదు, అది ముడి మీద ఉంది. వేదాద్రి నరసింహస్వామిని తలుచుకున్నాను. స్వామీ, ఈ ఒక్కసారి ఒడ్డున పడెయ్యి, ఇక ఎవర్నీ ఏడిపించను, చీమని కూడా ఏడిపించను అని మొక్కుకున్నాను.

అప్పుడు ఫోన్ మోగింది, వీడు కారు డోరు దగ్గర నిలబడే ఎత్తాడు. కారులో స్పీకరు పెట్టుకున్నాడు కదా వీడు, అమ్మణ్ణి గొంతు కారంతా నిండింది.

"సాయీ! నేను చెప్పింది మర్చిపోరా! కోడి పొడిచిందన్నాను కదా, కాదురా! కొట్లోకి వెళ్ళి చూశా, గంప పక్కన నల్లగా తోక కనిపించిందిరా! పామేరా! తొందరగా పోనీ! ఆయన మాట్లాడుతున్నారా? ఒరేయ్, పలకవేంట్రా?"

ఒక్క క్షణంలో రెండు సంగతులు తెలిశాయి నాకు. ఇందాక చెవిలో చెప్పింది కోడి పొడిచిందని. వీడి భుజాలు ఊగింది నవ్వుతో. ప్రాణం లేచొచ్చిందనుకునేలోపే అదే నోటితో పాము అంది. లేచిన ప్రాణం మళ్ళీ కూలబడింది.

వీణ్ణి చూశాను. మొహంలో నెత్తురు చుక్క లేదు. టీ గ్లాసు కిందపడేసి, డబ్బులు కూడా ఇవ్వకుండా కారెక్కాడు. ఇప్పుడు తోలాడు చూడు! టోల్‌గేటు ఎప్పుడు దాటామో తెలియదు. లారీల మధ్య సందులోంచి సూదిలో దారం దూర్చినట్టు దూర్చాడు. "మావయ్యా మాట్లాడు, మావయ్యా కళ్ళు మూయకు, మావయ్యా నన్ను తిట్టు" అంటూ ఏడుస్తున్నాడు. ఈసారి నిజం ఏడుపే. నాకు తిట్టడానికి ఒక్క తిట్టు గుర్తు రాలేదు. అంతదాకా వచ్చింది నా పరిస్థితి.

నందిగామ ఆస్పత్రిలో క్రిస్టీ డాక్టరమ్మ చిన్నమ్మాయే. ముందు నా చేతి కండువా విప్పేసింది. "అయ్యో, విప్పకమ్మా, గుండెకి పోతుంది" అని అరిచాను. "ఇట్లా బిగిస్తే చెయ్యి పోతుందండీ" అంది. నెత్తురు జివ్వుమని వేళ్ళలోకి దిగింది. అదే విషం అనుకుని కళ్ళు మూసుకున్నాను.

"కళ్ళు తెరవండి. పైకి చూడండి. రెప్పలు ఎత్తి ఉంచండి. ఒక్క గుక్కలో అంకెలు లెక్కపెట్టండి."

లెక్కపెట్టాను. మధ్యలో ఒక అంకె తప్పిపోయింది. తప్పింది విషం వల్లా, నా చదువు వల్లా అని వణికాను.

చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. చూసి, పట్టీ విప్పి, మళ్ళీ చుట్టి మళ్ళీ చూసింది.  సూది తీసింది. నా జీవితంలో మొదటిసారి, అడగకుండానే చెయ్యి చాపాను. పాము కరిచినవాడికి సూది ఒక లెక్కా? నెత్తురు తీసి, కొంత వేరే సీసాల్లో పోసి, కొంత ఒక గాజుగొట్టంలో పోసి, బల్ల మీద నిలబెట్టింది. "దీన్ని ఎవరూ కదపకండి. గడ్డకడితే మంచిది. కట్టకపోతే విషం ఎక్కినట్టు" అని ఇంకో మంచం దగ్గరికి వెళ్ళింది.

అమ్మా దీప్తీ, నా ప్రాణం ఆ గొట్టంలో వేలెడంత ఎత్తున నిలబడి ఉంది. నేను దాన్నే చూస్తున్నాను. వీడు గోడకి ఆనుకుని దాన్నే చూస్తున్నాడు. పైన ఫ్యాను తిరుగుతుంటే గొట్టంలో నెత్తురు కదిలినట్టే ఉంది. కదిలితే చావు. ఫ్యాను ఆపమందామంటే మాట్లాడితే ఊపిరికి కదులుతుందేమోనని నోరు మూసుకున్నాను. పక్క మంచం మీద ఎవరో దగ్గితే వాళ్ళని చంపెయ్యాలనిపించింది. మా నాన్న గుర్తొచ్చాడు. కల్లాపెట్టె మీద వాలిన తల, ఆ తల కింద నలిగిన తమలపాకు. అమ్మణ్ణి పొద్దున్నే లేచి ఎవరికి కాఫీ కలుపుతుంది అనిపించింది. గుమ్మంలో నిలబడిన మనిషి కళ్ళ ముందునుంచి పోలేదు.

నర్సు వచ్చి గొట్టం చేతిలోకి తీసుకుంది. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

"కదల్లేదు మేడమ్" అంది.

కదల్లేదంటే మంచిదో చెడ్డదో ఆ నిమిషంలో మర్చిపోయాను. వీడు కింద కూలబడి బావురుమంటే, అయిపోయిందనుకుని, "అమ్మణ్ణిని జాగ్రత్తగా చూసుకోరా" అన్నాను. డాక్టరమ్మ నవ్వింది. "గడ్డకట్టిందండీ. రెప్పలూ బాగానే ఉన్నాయి. సాయంత్రం దాకా ఇక్కడే ఉంచి చూస్తాను. నాకు మాత్రం ఇది కోర పడిన గాటులా లేదు. ఏదో పొడిచినట్టుంది" అంది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. అప్పుడు నవ్వలేదు. "పాము సంగతి వదిలెయ్యండి. మీ బీపీ ఇట్లా ఉండగా ఎన్నాళ్ళ నుంచి బస్తాలు మోస్తున్నారు? ఇంకొన్నాళ్ళు ఇట్లాగే తిరిగితే పాము అక్కర్లేదు మీకు."

సాయంత్రం దాకా ఉంచింది. మాత్రలు రాసింది. ఏమీ కాలేదు. బతికి ఇంటికొచ్చాం.

ఇప్పుడు చెప్పబోయేది వీడికి తెలియదు. విను.

ఇంటికి రాగానే నేను కర్ర తీసుకుని, "ఎవరూ రావద్దు, నేను చూస్తా" అని కొట్లోకి ఒక్కణ్ణే వెళ్ళాను. అప్పటికి కరెంటు వచ్చింది. లైటు వేస్తే ఏముంది? గంపలో చిన్నమ్మణ్ణి రెక్కల కిందనుంచి పిల్లలు తలలు బయటపెట్టి కీచుకీచుమంటున్నాయి. దగ్గరికి పోగానే ఆ నోరు లేని పెట్ట, బంతిలాగా ఒళ్ళంతా ఉబ్బించి, "బుస్స్" మని నా మీదికి లేచింది! తప్పించుకోకపోతే ఇంకో రెండు గాట్లు పడేవి. పొద్దున అప్పటికే గుడ్లు చిట్లి, లోపల పిల్లలు అరుస్తున్నాయన్నమాట. నన్ను పొడిచింది అదే.

మరి తోక? గంప పక్కన వరిగడ్డిలోంచి నిజంగానే ఒక నల్ల తోక కనిపించింది. కర్రతో కెలికాను. అది నా రబ్బరు పాము! వేదాద్రి తిరునాళ్ళలో కొన్న పాము! ఎప్పుడో అక్కడ దాచి నేనే మర్చిపోయి ఉంటానని, అమ్మణ్ణి దాన్ని చూసి హడలిపోయి ఫోన్ చేసిందని అప్పుడు అర్థమైంది. పొద్దున్నించీ పడ్డ భయమంతా నవ్వై పొంగుకొచ్చింది. నోట్లో కండువా కుక్కుకుని నవ్వాను. పాముని పంచె మడతలో దోపుకుని బయటికొచ్చి, మొహం గంభీరంగా పెట్టి, "గోడ కన్నంలోంచి జారిపోయింది. పెద్ద తాచే" అన్నాను. నరసింహస్వామికి మొక్కిన మొక్కు? చీమని ఏడిపించనన్నాను, నిజమే. ఇవాళ్టికీ చీమ జోలికి పోలేదు.

ఆ ఏడాది నాగులచవితికి మీ అత్తయ్య పుట్టలో ఇంకో చెంబు పాలు ఎక్కువ పోసింది. నువ్వేమో ఊరంతా తాచు కథ చెప్పి శాలువాలు కప్పించుకుంటున్నావు. ఏడాదిగా మిమ్మల్నిద్దర్నీ చూసి లోపల్లోపల ఎంత నవ్వుకున్నానో! ఇదుగో పట్టుకోరా నీ తాచు!

హహ్హ! చూశావా దీప్తీ, ఎట్లా ఎగిరాడో! రబ్బరుదని చెప్పాక కూడా కుర్చీ ఎక్కాడు.

ఏంటి అమ్మణ్ణీ, కాఫీ తెచ్చి అక్కడే నిలబడ్డావు? నీకూ ఇవాళే తెలిసిందిగా, రా, నవ్వు.

"నేను ఏడాదిగా నవ్వుతూనే ఉన్నానండీ" అంది అమ్మణ్ణి, దీప్తి చేతికి గ్లాసు అందిస్తూ.

"అంటే?" అన్నాను.

"పోపులపెట్టె వెనక పెట్టిన పాముని ఎలుక తీసుకుపోదండీ. ఆ రోజే తీసి దాచా. మీరు కొట్టుకెళ్ళాక రోజూ ఆ పెట్టల్ని చూసేది నేనే. చిన్నమ్మణ్ణి మీకన్నా ముందు నన్నే పొడిచింది ఆ పొద్దున. పసుపు రాసుకుని చెయ్యి కొంగులో పెట్టుకుని తిరిగితే, మీరు చూసి కూడా చూడలేదు."

సాయిప్రసాద్ కుర్చీ మీదనుంచే అడిగాడు. "మరి నాకు ఫోన్ ఎందుకు చేశావు అత్తయ్యా?"

"కోడి పొడిచిందంతే, ఈ వంకతో బీపీ చూపించుకురా, ఈయనకి చెప్పకు అని నీ చెవిలో చెప్పా గానీ, నీ కడుపులో మాట నందిగామ దాకా ఆగదు కదరా. చెప్పేశావంటే ఈయన చిల్లకల్లులోనే వెనక్కి తిప్పిస్తారు. పేట ఆస్పత్రిలో అందరూ ఈయనకి తెలిసినవాళ్ళే, రెండు జోకులేసి వచ్చేస్తారు. అందుకే నాకు తెలిసిన ఆ డాక్టరమ్మ క్రిస్టీకి ముందే ఫోన్ చేసి సంగతి చెప్పా. బీపీ, షుగరు చూడకుండా పంపొద్దన్నా. ఆ అమ్మాయి, పాముకాటని వచ్చినవాణ్ణి పూర్తిగా చూడందే వదలనంది. చూడనీ, మంచిదేగా అన్నా." ఈ మాటలు వీడితో అంటూనే నా వైపు తిరిగింది. "కోడి పొడిచిందంటే మీరు ఆస్పత్రికి వెళ్తారా? పాము కరిస్తే వెళ్తారు. ఆ తర్వాత ఆ పాముని గంప పక్కన పెట్టా. మీరు దాన్ని పంచెలో దోపుకోవడం కిటికీలోంచి చూశా."

 పెరట్లో నెమలి పుంజు ఏదో ఆకు రాలిందని అరుస్తోంది.

అమ్మణ్ణి నా అరచేతిలో బీపీ మాత్ర పెట్టి, నీళ్ళ గ్లాసు పక్కన పెట్టింది.

"ఆ పెట్టకి నా పేరు పెట్టినప్పుడు అందరూ నవ్వారు గానీ, పేరు సరిగ్గానే పెట్టారండీ. వేసుకోండి."